మన తాకాలు పోయే ఎడారి ఊరు



పోయిన నెల సైజింగు గురించి రాసిన. అది చదివి మన నాగావ్‌ల ఇద్దరు ముగ్గురు పిలగాండ్లు నన్ను ఆపి అడిగిన్రు. "కాకా, నూలుకు గంజి పెడతం, భీము ఎక్కిస్తం, నేస్తం, తాకా మడత పెట్టి సేటు గోదాంకు పంపుతం. ఆ తర్వాత ఆ గుడ్డ ఎటు పోతది?" అని. మంచి ప్రశ్న. నేను 41 ఏండ్లు సాంచలు నడిపిన. గోదాంల గుమస్తా గాంటు మీద నల్ల రంగుతో "బాలోత్రా", "పాలి" అని హిందీల రాస్తుంటే వేలసార్లు చూసిన. ఆ ఊర్లు ఎట్ల ఉంటయో మాత్రం ఒక్కసారి కూడ చూడలే. సాంచ బందు పెట్టి పోవడానికి మనకు తీరిక ఎక్కడిది?

ఇప్పుడు తీరిక ఉన్నది. మార్కండేయ జయంతి అయినంక మనుమడి స్కూలు సంచి ఖాళీ చేయించి, రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, బీపీ గోలీలు, అటుకుల డబ్బా దాంట్ల వేసుకొని వీపుకు తగిలించుకున్న. మా ఇంటామె అన్నది, "ఈ వయసుల ఈ సంచి ఏంది, జనం నవ్వుతరు" అని. నవ్వితే నవ్వనీ అనుకొని బయలుదేరిన.

భివండి రోడ్ స్టేషన్ల మెమూ ఎక్కి వసై, అక్కడి నుంచి లోకల్‌ల బోరివలి. బోరివలిల సూర్యనగరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సూరత్, వడోదర, అహ్మదాబాద్, ఆబూ రోడ్ మీదుగ తెల్లారేసరికి జోధ్‌పూర్ దింపుతది. జోధ్‌పూర్‌ల బార్మేర్ పోయే బండి పట్టుకుంటె మధ్యల బాలోత్రా వస్తది. ఇది 2023 దాకా బార్మేర్ జిల్లాల ఊరు. ఆ యేడు దీన్నే వేరే జిల్లా చేసిన్రు.

ఎడారి అంటే సినిమాల చూపించినట్టు ఇసుక గుట్టలే ఉంటయనుకున్న. కిటికీల నుంచి చూస్తే గుట్టలు లేవు. ఎర్ర మన్ను, ముండ్ల పొదలు, మేకలు, దూరం దూరంగ ఒక్కొక్క చెట్టు. ఆ చెట్టును ఎక్కడనో చూసిన అనిపించింది. పక్క సీటాయనను అడిగితే "ఖేజ్డీ" అన్నడు. ఆకు దగ్గరగ చూసినంక తెలిసింది, అది మన జమ్మి చెట్టే. దసరా నాడు మన ఊర్ల ఆకు తెంపి బంగారమని పెద్దల చేతుల పెట్టి కాళ్లు మొక్కుతం గదా, అదే జమ్మి. తెలంగాణకు అదే రాష్ట్ర వృక్షం, రాజస్థాన్‌కూ అదే. అక్కడ దాని కాయలను సాంగ్రి అంటరు. ఎండబెట్టి, కేర్ అనే ముండ్ల చెట్టు కాయలతోని కలిపి కూర వండుతరు. సజ్జ రొట్టెలోకి ఆ కూర మస్తుగ ఉన్నది. 1730ల జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ అనే ఊర్ల రాజుగారి మనుషులు జమ్మి చెట్లు నరకవస్తే, అమృతాదేవి అనే ఆమె చెట్టును కౌగిలించుకొని ప్రాణం ఇచ్చింది. ఆమె వెనుక బిష్ణోయీలు మొత్తం 363 మంది పోయిన్రు. మనం బంగారం అని పంచుకునే ఆకు కోసం అంతమంది చచ్చిపోయిన్రని నాకు అప్పటిదాక తెలువదు.

బాలోత్రాల దిగంగనే కొత్త ఊరనిపించలే. అదే టెంపోల గోల, అవే గుడ్డ గాంట్లు, రోడ్డు మీద అదే నూలు దుమ్ము. తేడా ఒక్కటే. మన దగ్గర గుడ్డ తెల్లగ ఉంటది, అక్కడ రంగుల్లో ఉంటది. భివండి, ఇచల్‌కరంజి, మాలేగావ్ వంటి ఊర్ల నుంచి కోరా గుడ్డ అక్కడికి పోతది. అక్కడ ఉడికించి, తెల్లగ చేసి, రంగు వేసి, అచ్చు కొట్టి దేశమంత పంపుతరు. పాప్లిను, లంగాల గుడ్డ, నైటీల గుడ్డ అక్కడి పేరు. మన ఆడోళ్లు శనివారం బజార్ల కొనుక్కునే నైటీ గుడ్డ మన ఇంటాయన నేసిందే కావచ్చు, బాలోత్రా పోయి రంగు వేసుకొని మళ్లీ మన గల్లీకి వచ్చిందన్నట్టు.

ఒక రంగు ఖార్ఖానాల లోపలికి పోనిచ్చిన్రు. పేరు అడగలే, వాళ్లు చెప్పలే. ఆవిరి, కాస్టిక్ వాసన, కాళ్ల కింద తడి. పని చేసే పిలగాండ్లల్ల సగం మంది బీహార్ నుంచి, యూపీ నుంచి వచ్చినోళ్లే, మన సాంచల మీద ఉన్నట్టే. నేను భివండిల సాంచలు నడిపిన మనిషినని చెప్పంగనే ఒక పిలగాడు నవ్వి, రంగు వేసిన గుడ్డ ఒక మూర నా ముందట పరిచిండు. నడుమ పొడుగునా సన్నని గీత. పడుగు పోగు తెగి, అతకకుండ అట్లనే నేసిన గుడ్డ. కోరా మీద అది కానరాదు, రంగు పడ్డంకనే తేలుతది.

"చాచా, ఈ గీత వస్తే మా సేటు మా కూలిల కోత పెడతడు. రంగు మేము సరిగ్గ పట్టియ్యలేదంటడు" అన్నడు.

నేను వాడికి ఆ గీత ఎట్ల వస్తదో చెప్పిన. మన పాత సాంచల మీద పడుగు పోగు తెగితే సాంచ తనంతట తాను ఆగదు. మనిషి కన్నే చూడాలె. ఒక మనిషి నాలుగు సాంచలు, ఆరు సాంచలు చూసుకుంట పన్నెండు గంటలు నిలబడితే, రాత్రి మూడు గంటలకు ఏ కన్ను చూస్తది? చూడకపోతే ఇక్కడ మన కూలిల కోత, చూడని పోగుకు అక్కడ వాని కూలిల కోత. వెయ్యి కిలోమీటర్ల దూరంల ఉన్న ఇద్దరు కూలోళ్లకు ఒకే పోగు మీద రెండు కోతలు పడుతున్నయి. ఈ సంగతి ఆ పిలగానికీ తెలువదు, మనకూ తెలువదు. గుడ్డకు రేటు కట్టేటోనికి మాత్రం రెండు తెలుసు.

ఇక నది సంగతి. బాలోత్రా లూణి నది ఒడ్డున ఉన్నది. లూణ్ అంటే వాళ్ల భాషల ఉప్పు, మన లవణం అన్న మాటే. ఆజ్మేర్ దగ్గరి ఆరావళి గుట్టలల్ల పుట్టి కచ్ రణ్‌ దాక పోయి అక్కడనే ఇంకిపోతది, సముద్రంల కలువదు. బాలోత్రా దాక నీళ్లు తియ్యగ, అక్కడి నుంచి కిందికి ఉప్పగ ఉంటయని పాత మాట. నేను పోయిన రోజు నదిల ఇసుకనే ఉన్నది. అక్కడక్కడ మడుగులు, నల్లటి నీళ్లు. నల్ల నీళ్లల్ల ఉప్పు ఒక్కటే లేదని వాసన చూస్తేనే తెలుస్తది.

పోయిన నెల రాసిన సైజింగు గంజి గుర్తున్నదా? ఆ గంజి గుడ్డల ఉంటే రంగు పట్టదు. అందుకని అక్కడ మొదటి పనే గంజి కడిగి తీసేయడం. మనం ఇక్కడ పెట్టిన గంజి అంత అక్కడ నీళ్లల్ల పోతది. గంజి నీళ్లు కుళ్లితే నీళ్లల్ల ఉండే గాలిని తినేస్తది, చేప బతుకది. దాని మీద కాస్టిక్, బ్లీచింగు, రంగులు. శుద్ధి చేసే ప్లాంట్లు ఊర్ల ఉన్నయి. అయినా రైతులు ఏండ్ల సంది కొట్లాడుతున్నరు, కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాక పోయింది. చాయ్ దుకాణంల ఒక ముసలి రైతు అన్నడు, "మా చిన్నప్పుడు లూణి పారితే పండుగ. ఇప్పుడు పారితే ఆ నల్ల నీళ్లు పొలానికి వస్తయని భయం" అని. పక్కన కూసున్న రంగు కార్మికుడు కోపంగ, "మరి ఖార్ఖానా బందు పెడితే మా పిల్లలు ఏం తినాలె?" అన్నడు. ఇద్దరిదీ నిజమే. ఇద్దరూ ఒకే బల్ల మీద చాయ్ తాగుతున్నరు, ఖార్ఖానా యజమాని మాత్రం అక్కడ లేడు.

మనకు ఇది కొత్త కాదు. మన కామ్వారి నది రంగు ఏందో పుల్ మీదికెళ్లి పోయేటోళ్లందరికీ తెలుసు. అక్కడ రైతు కొట్లాడుతున్నడు, ఇక్కడ మనం ముక్కు మూసుకొని పోతున్నం.

బాలోత్రా నుంచి బస్సుల బార్మేర్, అక్కడి నుంచి జైసల్మేర్. దారిల కవాస్ అనే ఊరు వస్తది. 2006 ఆగస్టుల అక్కడ వరద వచ్చింది. ఎడారిల వరద! ఇసుక కింద జిప్సం పొర ఉండటం తోని నీళ్లు ఇంకకుండ నెలల తరబడి నిలిచిపోయినయి. దానికి ముందు యేడు, 2005 జులై 26 నాడు మన దిక్కు పడ్డ వాన మీకు యాదికి ఉంటది. ముంబై శాంతాక్రూజ్‌ల ఒక్క రోజుల 944 మిల్లీమీటర్లు. జైసల్మేర్‌ల యేడాది మొత్తం సగటున 200 మిల్లీమీటర్ల లోపే పడతది. అంటే వాళ్లకు నాలుగేండ్లల్ల పడేటంత కన్నా ఎక్కువ మనకు ఒక్క రోజుల పడ్డది. అయినా ఎండకాలం రాంగనే ట్యాంకర్ ముందట బిందెల కొట్లాట మన గల్లీలనే.

పొద్దూకే యాళ్లకు జైసల్మేర్ చేరిన. దూరం నుంచే కోట కనబడ్డది, పసుపు రంగు రాయి, ఎండ పడితే బంగారం లెక్క. సత్యజిత్ రాయ్ 1974ల ఈ కోట మీద బంగారు కోట అన్న పేరుతోనే బెంగాలీ సినిమా తీసిండు. ఇప్పటికీ బెంగాలోళ్లు అది చూసి మస్తు మంది వస్తరు. రావల్ జైసల్ అనే రాజు 1156ల కట్టించిండు. ఊరికి ఆయన పేరే. చలికాలం అన్నట్టు పగలు ఎండ మంచిగనే ఉన్నది, పొద్దు గూకంగనే దుప్పటి చాలలే. ఎండకాలం సంగతి వేరే. జైసల్మేర్‌కు రైలుల పోతే దారిల ఫలోదీ వస్తది, 2016 మే 19 నాడు అక్కడ 51 డిగ్రీలు కొట్టింది. సాంచల షెడ్డు మే నెలల ఎట్ల కాలుతదో తెలిసిన మనం ఆ లెక్క అర్థం చేసుకోగలం.

బస్సు దిగంగనే హోటలు పిలగాండ్లు చుట్టూ మూగిన్రు. వీపు మీద పెద్ద పెద్ద సంచులు వేసుకున్న తెల్లోళ్లను ఇంగ్లీషుల పిలుస్తున్నరు. నా వీపు మీద కూడ సంచి చూసి ఒకడు తికమక పడ్డడు. "బాబా, రామ్‌దేవ్‌రా పోవాల్నా?" అన్నడు. రామ్‌దేవ్‌రాల రామ్‌దేవ్ బాబా సమాధి ఉన్నది, హిందువులూ ముసల్మానులూ ఇద్దరూ మొక్కుతరు. "లేదు బాబూ, ఊరు చూడ వచ్చిన" అంటే వాడు నమ్మలే. నా అసుంటి మనిషి దేవునికి పోవాలె, ఆస్పత్రికి పోవాలె, లేకుంటే పెండ్లికి పోవాలె. ఊరికే చూడ పోవడం సేట్ల పని అనుకుంటరు. 300 రూపాయలకు ధర్మశాలల గది దొరికింది.

ఆ కోట చూడడానికే కాదు, అందుల ఇండ్లు ఉన్నయి, వేల మంది కాపురం ఉంటున్నరు. ఇరుకు గల్లీలు, అరుగుల మీద ముసలోళ్లు, తీగల మీద బట్టలు. మన చాళ్లు యాదికొచ్చినయి. 2013ల యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వంల చేర్చింది. కాని కోటకు ఇప్పుడు రోగం పట్టింది. దాన్ని కట్టినప్పుడు నీళ్లు బిందెలతోని మోసుకొచ్చి పొదుపుగ వాడేటోళ్లు. ఇప్పుడు నల్లాలు వచ్చినయి, హోటళ్లు వచ్చినయి. వాడిన నీళ్లు మోరీల నుంచి గుట్ట మట్టిల ఇంకి, మట్టి మెత్తబడి గోడలు కుంగుతున్నయి. నీళ్లు లేక ఎనిమిది వందల ఏండ్లు నిలబడ్డ కోట, నీళ్లు వచ్చినంక కూలుతున్నది.

ఊర్ల పట్వాల హవేలీలు చూసిన. ఇది మనోళ్లు తప్పకుండ చూడాలె. పట్వాలంటే జరీ, వెండి దారం, బంగారు దారం వ్యాపారం చేసినోళ్లు. అయిదుగురు అన్నదమ్ములకు అయిదు హవేలీలు, 1805ల మొదలుపెట్టి దాదాపు యాభై ఏండ్లు కట్టిన్రు. రాతి మీద చెక్కడం చూస్తే జాకార్డు చీర అంచు చూసినట్టే ఉన్నది. అప్పట్ల ఒంటెల మీద సరుకు సింధ్ మీదుగ దూర దేశాలకు పోయేది, ప్రతి ఒంటె మీద ఈ ఊరికి సుంకం. తర్వాత ఏమయింది? బొంబాయి ఓడరేవు పెరిగింది. సరుకు ఓడల మీద పోవుడు మొదలయింది, ఒంటె దారి ఎండిపోయింది. 1947ల సరిహద్దు గీత పడ్డది, ఆ దారి మొత్తానికే మూసుకపోయింది. పట్వాలు ఇండ్లకు తాళం వేసి వేరే ఊర్లు పోయిన్రు.

ఆ అరుగు మీద కూసొని నేను లెక్క వేసిన. బొంబాయి పెరిగి జైసల్మేర్ పడ్డది. 1982 జనవరి 18 నాడు దత్తా సామంత్ సమ్మెల రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు బయటికొచ్చినంక బొంబాయి మిల్లులు పడ్డయి, ఆ పని చాలావరకు మన భివండి సాంచలకు వచ్చింది. పరేల్‌ నుంచి కన్నీళ్లతోని వచ్చిన మన పెద్దలను మీరూ చూసే ఉంటరు. ఇప్పుడు మన సాంచలు కిలో లెక్కన తుక్కు దుకాణానికి పోతున్నయి. పని కొత్త మిషన్లు ఉన్న ఊర్లకు పోతున్నది. మన పిలగాండ్లు గోదాములల్ల పార్సిళ్లు మోస్తున్నరు. పని ఒక ఊర్ల నిలబడి ఉండదు. అది పోయినప్పుడు పట్వాలకు వేరే ఊర్ల కొట్లు ఉండె, పోయిన్రు. కూలోనికి ఏముంటది?

అందుకే అక్కడ మిగిలిపోయినోళ్లు ఎట్ల బతికిన్రో చూద్దామని గడీసర్ చెరువుకు పోయిన. పధ్నాలుగో శతాబ్దంల రావల్ గడ్సీ కట్టించిండు. వానకు పడ్డ ప్రతి చుక్కను అందులకు మళ్లించి, ఊరంత అవే నీళ్లు తాగిన్రు. కాకతీయులు మన దిక్కు చెరువులు తవ్వించినట్టే. ఊరి బయట ఖడీన్ అని ఇంకొకటి ఉన్నది. రాళ్ల నేల మీద పడ్డ వాన పల్లానికి పారుతది గదా, ఆ పల్లంల పొడుగు మట్టి కట్ట పోస్తరు. నీళ్లు నిలిచి భూమి నానుతది. నీళ్లు ఇంకినంక ఆ తడి మీదనే చలికాలంల గోధుమ, శెనగ వేస్తరు. ఒక్క చుక్క కూడ మళ్లీ పెట్టరు. పాలీవాల్ బ్రాహ్మలు వందల ఏండ్ల కింద మొదలుపెట్టిన పద్ధతి. ఇప్పుడు పంజాబ్ నుంచి 600 కిలోమీటర్లకు పైగ పొడుగున్న ఇందిరాగాంధీ కాలువ నీళ్లు ఆ జిల్లాకు వచ్చినయి. అయినా ఖడీన్ కట్టలు ఉన్నయి. ఒక్కడు కట్ట పోస్తే నీళ్లు ఆగవు, ఊరంత కలిసి పోయాలె, కలిసి కాపాడాలె.

రాత్రి చెరువు దగ్గర ఒక మాంగణియార్ ముసలాయన కమాయచ వాయిస్తూ పాడిండు. మాంగణియార్లు ముసల్మానులు. తరతరాలుగ రాజ్‌పుత్ ఇండ్లల్ల పుట్టుకకు, పెండ్లికి, చావుకు పాడతరు. ఆ ఇండ్ల వంశాల పేర్లు వాళ్ల నోటికే వస్తయి. మన పద్మశాలీలకు కూనపులోళ్లు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పినట్టే అన్నట్టు. నేను చిన్నగున్నప్పుడు సిరిసిల్ల దిక్కు మా ఊరికి కూనపులోళ్లు వస్తే మూడు రాత్రులు కథ నడిచేది. మా మనుమడు ఆ పేరే వినలే. ఎడారి ఊరు తన పాటగాండ్లను దేశ దేశాలకు పంపుతున్నది, మనం మన కథోళ్లను గడప దాక కూడ పిలుస్తలేము.

నాలుగు రోజులకు తిరిగొచ్చిన. చూసింది కొంచెమే, ఒక ఊరిని నాలుగు రోజులల్ల తెలుసుకున్న అనడం తప్పు. కాని బస్తీ ముందట మూడు మాటలు పెడుత.

ఒకటి, పోగు తెగితే ఆపే మిషను పాత సాంచలకు కూడ పెట్టొచ్చు. సేట్లతోని మాట్లాడేటప్పుడు కూలి రేటు ఒక్కటే కాదు, ఒక మనిషికి ఎన్ని సాంచలు అన్నది కూడ ముందట పెట్టాలె. అది మన ఒక్కల కొట్లాట కాదు, బాలోత్రా పిలగాని కూలి కూడ అందుల ఉన్నది.

రెండు, మన చాళ్ల రేకుల మీది వాన నీళ్లు నాలుగు నెలలు మోరీల పాలు అయితున్నయి. మన సమాజం హాలు మీద ఒక్క ట్యాంకీ కట్టి మొదలు పెడితే, కనీసం కడుగుడుకు, తుడుసుడుకు ట్యాంకర్ అక్కర ఉండదు. 200 మిల్లీమీటర్లు పడని ఊరు బతికింది, మనకేం తక్కువ?

మూడు, వచ్చే మార్కండేయ జయంతికి ఆర్కెస్ట్రా పెట్టే పైసలల్ల సగం తీసి కూనపులోళ్లను పిలుద్దాం. పిల్లలకు నచ్చకపోతే మరుసటి యేడు నన్ను తిట్టున్రి.

పోవాలనుకునేటోళ్లకు ఒక మాట. చలికాలంల పోవాలె. ఉన్ని బట్ట తప్పనిసరి. మోకాళ్ల నొప్పులు ఉన్నోళ్లు కోట మెట్లు మెల్లగ ఎక్కాలె. ఇద్దరు ముగ్గురు కలిసి పోతే గది ఖర్చు తగ్గుతది. బాలోత్రాల దిగితే తాకా మీద చెయ్యి పెట్టి చూడున్రి, మన భివండి గుడ్డ చేతికి తెలుస్తది.

వచ్చే నెల తుక్కుకు పోతున్న సాంచల గురించి రాస్త. మీ ఇంట్ల సాంచ అమ్మినోళ్లు ఉంటే ఎంతకు అమ్మిన్రో, ఆ పైసలు ఏం చేసిన్రో పత్రిక పెట్టెల చీటీ వేయున్రి. పేరు రాయకున్నా సరే.